బంతి వెళ్లని దారి

(ఎల్బీడబ్ల్యూ నిర్ణయాల్లో బాల్ ట్రాకింగ్ పాత్ర మీద చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వికెట్లకి తగలబోయే బంతికి కాలు అడ్డొస్తే ఇచ్చే ఔటే ఎల్బీడబ్ల్యూ. కాలు అడ్డు రాకపోతే బంతి ఎటు పోయేదో కెమెరాలతో లెక్కగట్టి చూపించేది బాల్ ట్రాకింగ్. ముందు ఒక బంతి గురించి చెప్పి మొదలుపెడతాను.

2019 ఆగస్టు 25, లీడ్స్‌లోని హెడింగ్లీ మైదానం. ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల యాషెస్ టెస్టు. లక్ష్యం 359. ఇంగ్లండ్ గెలవాలంటే ఇంకా 2 పరుగులు కావాలి, చేతిలో ఉన్నది ఒక్కటే వికెట్. నేథన్ లయన్ వేసిన బంతి బెన్ స్టోక్స్ ప్యాడ్‌కి తగిలింది. ఆస్ట్రేలియా వాళ్లు గొంతులు చించుకుని అప్పీలు చేశారు. అంపైర్ జోయెల్ విల్సన్ నాటౌట్ అన్నాడు. నిర్ణయాన్ని మళ్లీ చూడమని రివ్యూ అడుగుదామంటే ఆస్ట్రేలియా దగ్గర ఒక్కటీ మిగల్లేదు. కాసేపటి క్రితమే లెగ్ స్టంప్ బయట పడ్డ బంతికి ఉన్న చివరి రివ్యూ కాస్తా వాడేసుకున్నారు. తర్వాత టీవీలో ట్రాకింగ్ వేస్తే మూడూ ఎరుపే: పడ్డ చోటు సరే, తగిలిన చోటు సరే, వికెట్లకి తగులుతోంది. స్టోక్స్ మాత్రం మ్యాచ్ గెలిపించాక కూడా ఆ బొమ్మను ఒప్పుకోలేదు. ట్రాకింగే తప్పంటాడు.

ఇంకో బంతి. 2011 మార్చి 30, మొహాలీ, ప్రపంచకప్ సెమీఫైనల్. పాకిస్తాన్ బౌలర్ సయీద్ అజ్మల్ బంతికి సచిన్‌ను అంపైర్ ఇయాన్ గౌల్డ్ ఎల్బీ ఇచ్చాడు. సచిన్ రివ్యూ అడిగాడు. ట్రాకింగ్‌లో బంతి లెగ్ స్టంప్‌ను తప్పించుకుని పోతోంది. నిర్ణయం మారింది. ఏళ్లు గడిచాక కూడా అజ్మల్ అది ఔటేనని అంటూనే ఉన్నాడు.

ఒకచోట బ్యాటర్ నమ్మడు, ఇంకోచోట బౌలర్ నమ్మడు. వీళ్లిద్దరిలో ఎవరిది రైటో ఇప్పుడు మనం కనుక్కోగలమా? కనుక్కోలేం. ఇంకో యాభై ఏళ్లు ఆగినా కనుక్కోలేం. ఎందుకంటే ఆ బంతులు స్టంప్స్ దాకా వెళ్లనే లేదు. మధ్యలో కాలు అడ్డొచ్చింది. మనం వాదించుకుంటున్నది బంతి వెళ్లిన దారి గురించి కాదు, వెళ్లని దారి గురించి. ఈ పూట నేను చెప్పేదంతా ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది.

నేను ఉద్యోగరీత్యా ఫిజిక్స్ చెబుతాను. ఆదివారాలు లీగ్ మ్యాచ్‌లకి అంపైరింగ్ చేస్తాను. మా మ్యాచ్‌ల్లో కెమెరాలు ఉండవు, రివ్యూలు ఉండవు. బౌలర్ కాలు క్రీజు దాటిందేమో చూసుకుని తల ఎత్తేసరికి బంతి సగం దూరం వెళ్లిపోయి ఉంటుంది. గంటకు 140 కిలోమీటర్ల బంతైతే చేతిలోంచి వదిలిన దగ్గర్నుంచి ప్యాడ్ దాకా సుమారు అర సెకను. ఆ అర సెకనులో చూసినదాన్ని బట్టి ఒక మనిషి ఆ రోజు ఆట ముగిసిందని చెప్పాలి. వేలెత్తిన ప్రతిసారీ గుండెలో కాస్త టెన్షన్ ఉంటుంది. అందుకే ఈ యంత్రం మీద నాకు ఇంత ఆసక్తి.

ఎల్బీడబ్ల్యూ నిబంధన ఇప్పటిది కాదు, 1774 నాటి నియమాల్లోనే ఉంది. ఆఫ్ స్టంప్ బయట పడి లోపలికి తిరిగే బంతికి కూడా ఔటివ్వొచ్చని 1937లో చేర్చారు. ఇప్పుడు అంపైర్ తనను తాను వేసుకునే ప్రశ్నలు ఇవి. నోబాలా? లెగ్ స్టంప్ బయట పడిందా? ముందు బ్యాట్‌కి తగిలిందా? తగిలినప్పుడు స్టంప్స్ వరుసలో ఉందా, ఒకవేళ ఆఫ్ స్టంప్ బయటైతే బ్యాటర్ నిజంగా ఆడబోయాడా? ఇవన్నీ జరిగిపోయిన విషయాలు. జాగ్రత్తగా చూస్తే జవాబు దొరుకుతుంది. చివరి ప్రశ్న వేరే రకం. కాలు అడ్డు రాకపోతే బంతి వికెట్లకి తగిలేదా? ఇది చూసి చెప్పేది కాదు, లెక్కగట్టి చెప్పేది. మనిషైనా, యంత్రమైనా అంతే.

సరే, యంత్రం ఎలా లెక్కగడుతుందో చూద్దాం.

హాక్‌ఐ అనే బాల్ ట్రాకింగ్ పద్ధతిని తయారు చేసినాయన పాల్ హాకిన్స్. 2001 మేలో లార్డ్స్‌లో ఇంగ్లండ్, పాకిస్తాన్ టెస్టుకి బ్రిటన్ ఛానల్ 4 ప్రసారంలో తొలిసారి వాడారు. అప్పుడది టీవీ ప్రేక్షకుల కోసమే, నిర్ణయాల కోసం కాదు. న్యూజిలాండ్‌లోని డునెడిన్ నుంచి వచ్చిన వర్చువల్ ఐ అనే ఇంకో పద్ధతి కూడా ఉంది. రెండింటికీ మూలసూత్రం ఒకటే.

ఒక కన్ను మూసుకుని, చెయ్యి చాపి, బొటనవేలు నిలబెట్టండి. ఇప్పుడు ఆ కన్ను తెరిచి రెండోది మూయండి. వేలు పక్కకి జరిగినట్టు కనిపించింది కదా? వేలు కదల్లేదు, చూసే చోటు మారింది. ఆ జరుగుడు ఎంతో కొలిస్తే వేలు ఎంత దూరంలో ఉందో చెప్పొచ్చు. మైదానం చుట్టూ ఎత్తులో అమర్చిన ఆరు కెమెరాలు చేసేది ఇదే పని. ఒక్కో కెమెరాకీ ఏ క్షణాన బంతి ఏ దిక్కున కనిపించిందో తెలుసు. ఆ దిక్కులన్నీ కలిసే చోట బంతి ఉంటుంది. గాలికి కెమెరా వెంట్రుకవాసి కదిలినా లెక్క తప్పుతుంది కాబట్టి క్రీజు గీతలు, స్టంప్స్ లాంటి కదలని గుర్తులతో సరిచూసుకుంటూ ఉండాలి.

ఇక్కడ వేగం సమస్య ఒకటి ఉంది. 140 కిలోమీటర్ల బంతి సెకనుకు దాదాపు 39 మీటర్లు వెళ్తుంది. సెకనుకు 50 ఫ్రేములు తీసే మామూలు టీవీ కెమెరాలో ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ మధ్య బంతి 78 సెంటీమీటర్లు జరిగిపోతుంది. అదే సెకనుకు 340 ఫ్రేములు తీసే కెమెరా అయితే 11 సెంటీమీటర్లు చాలు. ఎంత తేడానో చూడండి. కెమెరాల వేగం పెరిగేకొద్దీ ఈ పద్ధతి మీద నమ్మకం పెరగడానికి కారణం ఈ తేడానే.

ఇప్పుడు చాలామంది నన్ను అడిగే ప్రశ్న: "పిచ్ ఎలా ఉందో కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది? పగుళ్లున్నాయో, తడిగా ఉందో, బంతి ఎంత తిరుగుతుందో దానికెలా తెలుసు?" తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. బంతి నేల మీద పడి పైకి లేచాక ఎంత తిరిగింది, ఎంత ఎత్తుకి లేచింది, వేగం ఎంత తగ్గింది, ఇవన్నీ కెమెరాలు కళ్లారా చూసేస్తాయి. పగులు మీద పడి పాములా మెలిక తిరిగినా ఆ మెలిక కొలతలోకి వచ్చేస్తుంది. ఊహ మొదలయ్యేది ప్యాడ్ దగ్గర్నుంచే. పడిన తర్వాత, ప్యాడ్‌కి తగలకముందు దొరికిన ఫ్రేములే ఆ ఊహకి ఆధారం.

ఫుల్‌టాస్ ప్యాడ్‌కి తగిలితే మరి? బంతి పడనే లేదు, అలాంటప్పుడు బౌన్స్ అయి తిరిగేదేమో అని ఆలోచించనక్కర్లేదు. తగలకముందు ఏ దారిలో వస్తోందో అదే దారిలో వెళ్లేదని అనుకోవాలని నిబంధనే చెబుతోంది. గొప్ప స్పిన్నర్ వేసిన ఫుల్‌టాస్ అయినా సరే, పడి ఉంటే తిరిగేదన్న మాటకి చోటు లేదు. యంత్రం కూడా ఆ నిబంధన ప్రకారమే గీస్తుంది.

ఇక అసలు ప్రాణం ఉన్న చోటుకి వద్దాం. బోర్డు మీద వేసి చూపిస్తాను, కాస్త ఓపిక పట్టండి.

[వక్త బోర్డు మీద గీత గీశారు.]

బంతి పడ్డ చోటుకీ ప్యాడ్‌కీ మధ్య ఒక మీటరు దూరం ఉందనుకుందాం. ప్యాడ్ నుంచి స్టంప్స్‌కి 2 మీటర్లు. ఒక్కో చోట బంతి స్థానాన్ని కొలవడంలో 3 మిల్లీమీటర్ల పొరపాటు రావచ్చనుకుందాం. ఈ అంకె వివరించడానికి నేను తీసుకున్నది, ఏ కంపెనీదీ కాదు. మొదటి చోట 3 మిల్లీమీటర్లు ఎడమకీ, చివరి చోట 3 మిల్లీమీటర్లు కుడికీ తప్పితే, మీటరుకి 6 మిల్లీమీటర్ల చొప్పున గీత పక్కకి వంగుతుంది. ఇంకో 2 మీటర్లు పొడిగిస్తే 12, ముందున్న 3 కలిపి 15 మిల్లీమీటర్లు. ఫర్వాలేదు, స్టంప్ మందంలో సగం కూడా కాదు.

ఇప్పుడు అదే బంతి ప్యాడ్‌కి 40 సెంటీమీటర్ల ముందు పడిందనుకోండి. కొలతలో పొరపాటు అంతే, 3 మిల్లీమీటర్లు. కానీ గీత 40 సెంటీమీటర్లలోనే 6 మిల్లీమీటర్లు వంగింది. అంటే మీటరుకి 15. రెండు మీటర్లకి 30, ముందున్న 3 కలిపితే 33 మిల్లీమీటర్లు. దాదాపు ఒక స్టంప్ మందం! కెమెరా అదే, కొలత అదే. చూడ్డానికి దొరికిన దూరం తగ్గింది, అంతే. ఫ్రేముల్లో చెప్పాలంటే, పడ్డాక గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బంతికి 40 సెంటీమీటర్లు దాటడానికి సెకనులో వెయ్యో వంతులు 13 పడతాయి. 340 ఫ్రేముల కెమెరాకి అందులో నాలుగైదు ఫ్రేములు దొరుకుతాయి. 50 ఫ్రేముల కెమెరాకి ఒక్కటి దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. అసలు కంప్యూటర్ రెండు చుక్కలు కలిపి ఊరుకోదు, దొరికిన ఫ్రేములన్నిటి గుండా సరిపోయే వంపును వెతుకుతుంది. అందువల్ల నేను వేసినంత ఘోరంగా తప్పదు. కానీ దూరం తగ్గితే అనుమానం పెరుగుతుందన్న సంగతి మాత్రం ఎక్కడికీ పోదు.

బ్యాటర్ ముందుకొచ్చి స్టంప్స్‌కి చాలా దూరంలో బంతిని ప్యాడ్ మీద తీసుకున్నా ఇదే తంటా. 2011 ప్రపంచకప్‌లో బెంగళూరులో ఇండియా, ఇంగ్లండ్ మ్యాచ్ టై అయింది గుర్తుందా? యువరాజ్ బంతి ఇయాన్ బెల్ ప్యాడ్‌కి తగిలింది. ట్రాకింగ్‌లో బంతి స్టంప్స్‌కి తగులుతోంది. అయినా బిల్లీ బౌడెన్ తన నాటౌట్‌కే కట్టుబడ్డాడు. కారణం, ప్యాడ్ స్టంప్స్‌కి రెండున్నర మీటర్ల కన్నా దూరంలో ఉంది. అప్పట్లో అంత దూరం దాటితే నిర్ణయం మార్చుకోవాలో లేదో అంపైర్ ఇష్టానికే వదిలారు. ఆ రోజు స్టేడియంలో, టీవీల ముందు జనం మండిపడ్డారు. తెర మీద బంతి వికెట్లని కొడుతుంటే నాటౌట్ ఏంటని. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ తప్పు నిబంధనది కాదు, తెరది. ప్యాడ్ దాకా వచ్చిన గీతా, ప్యాడ్ దాటిన గీతా ఒకే మందంతో, ఒకే ధీమాతో గీసి చూపిస్తారు. మొదటిది చూసింది, రెండోది ఊహించింది. ఆ తేడా చూసేవాడికి కనిపించదు.

బ్రిటన్‌లోని కార్డిఫ్ యూనివర్సిటీ పరిశోధకులు హ్యారీ కాలిన్స్, రాబర్ట్ ఎవాన్స్ 2008లోనే ఈ మాట గట్టిగా అన్నారు. యంత్రానికి పొరపాటు ఎంతవరకు రావచ్చో కూడా జనానికి చూపించాలని వాళ్ల వాదన. నేను పూర్తిగా వాళ్ల పక్షం. ప్యాడ్ దాటాక గీత సన్నగా మొదలై స్టంప్స్ దగ్గరికి వెళ్లేసరికి విసనకర్రలా విచ్చుకుంటే ఎంత బాగుంటుంది! బంతి ఇక్కడినుంచి ఇక్కడిదాకా ఎక్కడైనా ఉండొచ్చని చూసినవాడికి వెంటనే తెలుస్తుంది. ప్రసారం చేసేవాళ్లు ఇంతవరకు ఆ పని చేయకపోవడం నాకు నిజంగా బాధగా ఉంది.

విసనకర్ర లేని లోటును కొంతవరకు పూడ్చేదే అంపైర్స్ కాల్, అంటే తగిలీ తగలనట్టుంటే మైదానంలో అంపైర్ మాటే నిలవడం. దీన్ని తిట్టని క్రికెట్ అభిమాని లేడు. "తగిలితే తగిలినట్టు, లేకపోతే లేదు, మధ్యలో ఈ అంపైర్స్ కాల్ ఏంటి?" అని మాజీ ఆటగాళ్లు కూడా అంటారు. లెక్క చూడండి. మూడు స్టంప్స్ వెడల్పు 22.86 సెంటీమీటర్లు. బంతి అడ్డుకొలత సుమారు 7.2. బంతి అంచు స్టంప్‌ని తాకినా తగిలినట్టే కాబట్టి, బంతి మధ్యబిందువు మొత్తం 30 సెంటీమీటర్ల వెడల్పులో ఎక్కడున్నా వికెట్లకి తగులుతుంది. అందులో ఆ పక్క 3.6, ఈ పక్క 3.6 సెంటీమీటర్లు అంపైర్స్ కాల్ పట్టీలు. అంటే వెడల్పులో నాలుగో వంతు. బంతి సగానికన్నా తక్కువ భాగం మాత్రమే తగిలేలా ఉంటే, మైదానంలో అంపైర్ ఏది ఇచ్చాడో అదే నిలుస్తుంది. 2016కి ముందు ఈ పట్టీలు ఇంకా వెడల్పు. అప్పట్లో బంతి మధ్యభాగం ఆఫ్ స్టంప్, లెగ్ స్టంప్‌ల నడిమి గీతల లోపల ఉండాలనేవారు. తర్వాత స్టంప్స్ బయటి అంచు దాకా జరిపారు. ఎత్తు విషయంలో 2021లో బెయిల్స్ పైఅంచు దాకా పెంచారు. అనిల్ కుంబ్లే అధ్యక్షుడిగా ఉన్న ఐసీసీ క్రికెట్ కమిటీ ఆ ఏడాదే అంపైర్స్ కాల్ ఉండాల్సిందేనని తేల్చింది. స్పష్టమైన తప్పుల్ని దిద్దడానికే ఈ రివ్యూ పద్ధతి అన్నది వాళ్ల మాట. అంపైర్స్ కాల్ వస్తే రివ్యూ పోకుండా 2017లోనే మార్చారు, అది న్యాయం.

ఇంకో సంగతి గమనించారా? పడ్డ చోటు విషయంలో అంపైర్స్ కాల్ లేదు. అది పూర్తిగా చూసింది కాబట్టి. తగిలిన చోటుకి మాత్రం ఉంది. అదీ చూసిందే కదా అనొచ్చు. కానీ ప్యాడ్‌కి తగిలిన సరైన క్షణం రెండు ఫ్రేముల మధ్యలో పడిపోవచ్చు, బ్యాట్ చాటున, కాలి చాటున దాగిపోవచ్చు. అది పట్టుకోవడం అనుకున్నంత తేలిక కాదు.

మన క్రికెట్ బోర్డు ఎన్నేళ్లు ఈ పద్ధతికి దూరంగా ఉందో మీకు తెలుసు. 2008లో శ్రీలంక పర్యటనలో తొలి ప్రయోగం మన జట్టు మీదే జరిగింది. చేదు అనుభవమే మిగిలింది. 2011 ఇంగ్లండ్ పర్యటనలో ఒక మధ్యేమార్గం కుదిరింది: బంతి బ్యాట్ అంచుకి తగిలిందో లేదో చూడ్డానికి టెక్నాలజీ సరే, ఎల్బీకి బాల్ ట్రాకింగ్ వద్దు. అప్పుడు అందరూ మొండితనమన్నారు. కానీ ఆ గీత గీసిన చోటు చూడండి. చూసిందాన్ని ఒప్పుకున్నారు, ఊహించిందాన్ని ఒప్పుకోలేదు. కెమెరాలు మెరుగయ్యాక, అమెరికాలోని ఎంఐటీ ఇంజనీర్ల చేత పరీక్షలు జరిగాక, 2016 నవంబర్‌లో రాజ్‌కోట్ టెస్టు నుంచి మన దగ్గరా మొదలైంది. అన్నేళ్లు ఆగడం ఎక్కువేనని నేను అనుకుంటాను. అనుమానం మాత్రం అర్థం లేనిది కాదు.

ఇప్పటిదాకా యంత్రాన్ని అనుమానించాను కదా, కంటిని కూడా అనుమానించాలి. 2022 జనవరిలో కేప్‌టౌన్. అశ్విన్ బంతి దక్షిణాఫ్రికా బ్యాటర్ డీన్ ఎల్గర్ మోకాలి కింద తగిలింది. అంపైర్ మరైస్ ఎరాస్మస్ ఔటిచ్చాడు. ట్రాకింగ్‌లో బంతి స్టంప్స్ మీదుగా పోయింది. అసాధ్యమని స్వయంగా అంపైరే అనడం స్టంప్ మైక్‌లో వినిపించింది. మన జట్టు కోపం దాచుకోలేకపోయింది. నేనూ ఆ క్షణాన టీవీ ముందు లేచి నిలబడ్డాను. ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. అచ్చంగా ఆ బంతి కొలతలు కావు, అలాంటి బంతిది.

బౌన్స్ ఎక్కువున్న పిచ్ మీద, స్పిన్నర్ బంతి ప్యాడ్‌కి 1.8 మీటర్ల ముందు పడింది. ప్యాడ్ దగ్గర ఎత్తు 45 సెంటీమీటర్లు, మోకాలి కిందే. పడ్డాక వేగం సెకనుకు 20 మీటర్లు. ఈ లెక్కన ప్యాడ్‌కి తగిలే క్షణంలో కూడా బంతి ఇంకా పైకే లేస్తోంది, మీటరుకి సుమారు 20 సెంటీమీటర్ల చొప్పున. స్టంప్స్‌కి 2 మీటర్లుంటే ఇంకా 40 లేవాలి. దానికి పట్టే సమయం సెకనులో పదో వంతు. ఆ కాస్తలో గురుత్వాకర్షణ కిందికి లాగేది 5 సెంటీమీటర్లే. 45కి 40 కలిపి 5 తీసేస్తే 80. స్టంప్స్ ఎత్తు 71 చిల్లర. బంతి వికెట్ల మీదుగా వెళ్లిపోయింది!

మోకాలి కింద తగిలితే ఔటే అన్నది మన కంటికి అలవాటైన లెక్క. బంతి పైకి లేస్తోందా, వాలుతోందా అన్నది కన్ను పట్టుకోలేదు. అలాగని ఆ రోజు యంత్రం చెప్పిందే నిజమని నేను అనను, అది ఎవరికీ తెలియదు. అసాధ్యం మాత్రం కాదు. ఈ లెక్క వేసిన తర్వాత నా అంపైరింగ్ మారింది. ఇప్పుడు తగిలిన ఎత్తు ఒక్కటే చూడను. ఎక్కడ పడింది, ఎంత నిటారుగా లేచింది అని చూస్తాను.

దీనికి రెండో వైపు కూడా ఉంది. పూర్వం స్పిన్నర్‌కి ముందు కాలు బాగా చాపి ప్యాడ్ అడ్డం పెడితే చాలు, అంపైర్లు ఔటిచ్చేవారు కాదు. అంత ముందుకొస్తే బంతి ఎటు పోయేదో ఎవరు చెప్పగలరని బ్యాటర్‌కే అనుకూలంగా వదిలేసేవారు. ట్రాకింగ్ వచ్చి అలాంటి బంతుల్లో చాలావాటిని నేరుగా మిడిల్ స్టంప్ మీదికి చూపించేసరికి అంపైర్లకి ధైర్యం వచ్చింది. రివ్యూలు లేని మ్యాచ్‌ల్లో కూడా వేళ్లు లేవడం మొదలైంది. 2012 మొదట్లో యూఏఈలో ఇంగ్లండ్ బ్యాటర్లు పాకిస్తాన్ స్పిన్నర్లు అజ్మల్, అబ్దుర్ రెహ్మాన్‌ల ముందు పదేపదే ఎల్బీ అయిపోయి మూడు టెస్టులూ ఓడారు. ఇప్పుడు ఏ బ్యాటరైనా స్పిన్నర్‌ని బ్యాట్‌తోనే ఆడాలని చూస్తాడు. కాలు చాపి ప్రాణం నిలుపుకునే రోజులు పోయాయి. స్పిన్నర్లకి ఎన్నో ఏళ్లుగా రావాల్సిన బాకీ తీరిందని నాకు సంతోషం.

ఇంక ప్రశ్నల్లోకి వెళ్దాం. అంతకన్నా ముందు లైట్లు ఆపితే, ఇందాక ప్యాడ్ ముందు 40 సెంటీమీటర్లు అన్నాను కదా, అలాంటి బంతి ఒకటి మా లీగ్ మ్యాచ్‌లో స్లో మోషన్‌లో తీసింది వేస్తాను. బౌలర్ చేతిలోంచి వదిలిన దగ్గర్నుంచి కాదు, నేల మీద పడ్డ దగ్గర్నుంచి చూడండి. పడ్డాక ప్యాడ్‌కి తగిలేలోపు ఎన్ని ఫ్రేములు దొరికాయో లెక్కపెట్టుకోండి. తర్వాత ఔటో నాటౌటో చేతులెత్తండి.